1936కి ముందు పర్లాకిమిడి, బరంపురం వైపు కాగితాలు ఎక్కడ వెతకాలి? (వంశవృక్షం పని)

మహేంద్రతనయ
ఒకే మనిషి, మూడు కాగితాలు, మూడు పేర్లు. 1931 క్రయ దస్తావేజులో "గేదెల అప్పలస్వామి, కూర్మయ్య కుమారుడు". ఒడియా పట్టాలో "ఆపలా స్వామి గెదెలా". రైల్వే పెన్షను కాగితంలో "జి. ఎ. స్వామి". కూర్మయ్య తండ్రెవరో తేలాలంటే 1936 దాటి వెనక్కి పోవాలి. ఇటు ఆఫీసులో అడిగితే "అవి మద్రాసు నాటివి" అంటారు, అటు ఆఫీసులో అడిగితే "మీ ఊరు ఒడిశా కదా" అంటారు. పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్ళకి ఏ కాగితం ఎక్కడుంటుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

ఇంకోటి. పదిమందిమి నెలకో ఆదివారం కూర్చుని ఇదే పని చేద్దాం అనుకుంటున్నాం. వంశగొప్పలు చెప్పుకుని లేచిపోకుండా ఏం చేస్తే పనికొస్తుంది?

నౌపడ ప్యాసింజర్
వంశగొప్పలు లేవంటే పదిమంది కూడా రారు. టిఫిన్ ఉందని చెప్పండి, ఇరవైమంది వస్తారు.

ఖతియాన్ కిట్టు
పేరు పట్టుకుని తిరగడం ఆపి, ముందు మీ ఊరు ఏ సంవత్సరంలో ఏ జిల్లా కిందుందో ఒక కాగితం మీద రాసుకోండి. అందరూ తప్పిపోయేది ఇక్కడే.

1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి ప్రావిన్సు అయింది. అంతకు ముందు గంజాం జిల్లా అంతా మద్రాసు ప్రెసిడెన్సీ, చికాకోలు (శ్రీకాకుళం) కూడా అందులోదే. ఆ రోజు పర్లాకిమిడి ఎస్టేటుని రెండు ముక్కలు చేశారు. పట్నం, కొంత ప్రాంతం ఒడిశాకి, మిగతాది మద్రాసుకి. కాబట్టి పర్లాకిమిడి పట్నం 1936 దాకా మద్రాసు గంజాం, ఆ తర్వాత ఒడిశా గంజాం, 1992 అక్టోబరు 2 నుంచి గజపతి జిల్లా. కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం మాత్రం 1936 దాకా గంజాం, తర్వాత విశాఖపట్నం జిల్లా, 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం. ఇచ్ఛాపురానిదీ ఇదే దారి. గుణుపురం వాళ్ళది ఇంకో లెక్క: జయపురం ఎస్టేటు, అంటే విశాఖపట్నం జిల్లా, 1936 నుంచి కొరాపుట్, 1992 నుంచి రాయగడ.

ఒకే కుటుంబంలో అన్నదమ్ములిద్దరు ఏటికి అటొకరు ఇటొకరు ఉంటే రెండు రాష్ట్రాల కాగితాలు చూడాల్సిందే. ఇటు దొరకనిది అటు దొరుకుతుంది.

బరంపురం పట్టు
ఒడిశా భూమి రికార్డుల భూలేఖ్ సైట్ తెరిచి జిల్లా, తహసీల్, మౌజా (ఊరు) ఎంచుకుని పేరు కొడితే ఐదు నిమిషాల్లో వచ్చేదానికి ఇంత చరిత్ర అవసరమా?

ఖతియాన్ కిట్టు
@బరంపురం పట్టు భూలేఖ్‌లో వచ్చేది ఇప్పటి ఖతియాన్, అంటే భూమి హక్కు పత్రం. ఒడిశాలో పాత సెటిల్‌మెంటు నంబర్లని సాబిక్ అంటారు, ఇప్పటివాటిని హాల్ అంటారు. తాత పేరు సాబిక్ ఖాతాలో ఉంటుంది, హాల్‌లో మనవల పేర్లుంటాయి. హాల్ ప్లాటు నంబరు తెలిస్తే దానికి సాబిక్ నంబరు ఏదో తహసీల్లో పోల్చి చూడాలి, ఆ సాబిక్ ఖతియాన్‌కి సర్టిఫైడ్ కాపీ అడగాలి. ఒక సాబిక్ ప్లాటు నాలుగు హాల్ ప్లాట్లు కావచ్చు, నాలుగు కలిసి ఒకటీ కావచ్చు. అందుకని ఒక్క నంబరు పట్టుకుని ఊరుకోకూడదు, పక్క ప్లాట్లు కూడా రాసుకెళ్ళండి.

అసలు 1936కి ముందు ఇదంతా జమీందారీ. రైతుకి పట్టా ఇచ్చింది ఎస్టేటు కచేరీ, సర్కారు కాదు. ఎస్టేట్ల రద్దు అటు మద్రాసు చట్టం కింద 1948లో, ఇటు ఒడిశా చట్టం కింద 1951లో. రైత్వారీ (సర్కారే నేరుగా రైతుకి పట్టా ఇచ్చే) ఊళ్ళలో ఉన్నట్టు రైతుల పేర్లతో సర్కారు లెక్కలు ఇక్కడ 1900 నాటికే ఉంటాయని ఆశ పెట్టుకోకండి. 1936కి ముందు మనిషి పేరు పట్టిచ్చేది భూమి లెక్క కాదు, రిజిస్ట్రేషన్ పుస్తకం.

మహేంద్రతనయ
ఒడియా ఖతియాన్‌లో పేరు పక్కన చుక్కలు పెట్టి ఏవో అక్షరాలుంటాయి. అవేమిటి?

ఖతియాన్ కిట్టు
"పి:" అంటే పితా, తండ్రి పేరు. "స్వా:" అంటే స్వామి, భర్త పేరు. "జా:" జాతి, అంటే కులం. "బా:" నివాసం. బా: పక్కన "నిజిగాఁ" అనుంటే అదే ఊరు. వేరే ఊరి పేరుంటే మాత్రం దాన్ని వదలకండి, అతను వలసొచ్చిన ఊరో అల్లుడై ఉంటున్న ఊరో అదే అయ్యుండొచ్చు.

గుణుపురం గోపి
మన పేరు ఒడియాలోకి వెళ్ళి తిరిగి తెలుగులోకి వచ్చేసరికి గుర్తు పట్టలేం. ఒక ఆదివారమంతా దీనికే పెట్టుకోండి. గమనించాల్సినవి ఇవీ:

వ వాళ్ళకి బ అవుతుంది, కాకపోతే భ. వెంకటరావు "భెంకట రావ్", వీరన్న "బీరనా".

పదం మొదట య ఉంటే జ అని చదువుతారు. యర్రమ్మ జర్రమ్మ అయిపోతుంది. ఆ గుమాస్తా చదివింది విని ఇంకో గుమాస్తా జ అక్షరంతోనే రాశాడంటే ఇక దొరకదు.

ఎ-ఏ, ఒ-ఓ తేడా ఆ లిపిలో లేదు. ఒత్తులు సగం రాలిపోతాయి. అప్పన్న "ఆపనా".

ఇంటిపేరు మనకి ముందు, వాళ్ళకి చివర. అందుకని జాబితాలో "గ" దగ్గరే కాకుండా "ఆ" దగ్గర కూడా వెతకాలి.

పేరుకి నాలుగైదు రూపాలు ముందే రాసుకుని వెళ్ళండి. కౌంటరు దగ్గర నిలబడి ఆలోచిస్తే వెనకవాడు తోసేస్తాడు.

ఇచ్ఛాపురం అమ్మాయి
చివరిమాట ఇంటిపేరనుకోవడం ఇంకో తప్పు. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారి పూర్తి పేరు వరాహగిరి వెంకటగిరి. ఇంటిపేరు వరాహగిరి. చివరున్న గిరి ఆయన సొంత పేరులో ముక్క. ఒడియా వాళ్ళలో గిరి అనే ఇంటిపేరు కూడా ఉంది కాబట్టి తెలియనివాళ్ళు రెండూ కలిపేస్తారు. రావు, దొర, నాయుడు, స్వామి అన్నీ ఇలా చివర చేరి తర్వాతి తరానికి ఇంటిపేరైపోయినవే. మీ "జి. ఎ. స్వామి"లో జి గేదెల. స్వామి దగ్గర వెతికితే జన్మలో దొరకడు.

నౌపడ ప్యాసింజర్
పెన్షను కాగితం ఉందంటున్నారు కదా. పెన్షను కాగితం తీసుకుని సర్వీసు పుస్తకం అడగండి, ఆ పుస్తకం ఇంకా మిగిలుంటే. మొదటి పేజీలో తండ్రి పేరు, సొంత ఊరు, పుట్టినతేదీ, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, వేలిముద్రలు ఉంటాయి. పుట్టినతేదీ జులై 1 అనుంటే నమ్మకండి. బడిలో వేసినప్పుడు మాస్టారు వేసిన తేదీ అది. మన జిల్లాల్లో సగం మంది జులై 1నే పుట్టారు, ఏం చేస్తాం.

పంచాంగం మాస్టారు
తేదీల సంగతి వచ్చింది కాబట్టి. పాత కాగితాల్లో నాలుగు రకాల లెక్కలు కనిపిస్తాయి, నాలుగూ కలిపేస్తే తాత తండ్రి కంటే చిన్నవాడవుతాడు.

సంవత్సరం పేరు: అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. ధాత అంటే 1936-37, లేదా 1876-77. ఏదో తేల్చుకోవాలంటే వారం, తిథి, నక్షత్రం మూడూ పంచాంగంతో సరిపోవాలి. ఇంకో మెలిక ఏమిటంటే, ధాత మాఘమాసం అంటే 1937 ఫిబ్రవరి-మార్చి. ఉగాదికి సంవత్సరం మారుతుంది కానీ జనవరికి మారదు.

ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం): మద్రాసు ఫసలీకి 590 కలపాలి, జులై 1న మొదలు. ఫసలీ 1345 అంటే 1935 జులై నుంచి 1936 జూన్ వరకు. ఒడిశా ఏర్పాటు ఈ ఫసలీలోనే జరిగింది, కాబట్టి ఒకే ఫసలీ లెక్కకి రెండు ప్రభుత్వాలు.

అంకం: ఒడియా కాగితాల్లో, కొన్ని జమీందారీ తాటాకుల్లో గజపతి రాజు ఏలుబడి సంవత్సరం. ఇది సూటి లెక్క కాదు. 1 ఉండదు, మొదటి ఏడే 2. 6తో ముగిసేవి, సున్నాతో ముగిసేవి వదిలేస్తారు, 10 మాత్రం ఉంచుతారు. అంటే 21వ అంకం అంటే నిజానికి 17వ ఏడు. కొత్త అంకం భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు, సునియా అంటారు. ముందు ఏ రాజు అంకమో చూసుకోండి.

నాలుగోది నెలల తేడా. మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా పంచాంగంలో పౌర్ణమితో. మన మాఘ బహుళ పంచమి వాళ్ళకి ఫాల్గుణ కృష్ణ పంచమి. రోజు ఒకటే, నెల పేరే వేరు. తద్దినం తిథి రెండు ఇళ్ళలో రెండు నెలల పేర్లతో రాసుంటే ఇద్దరు వేరు మనుషులనుకోకండి.

ధర్మాబాద్ మిర్చి
మాది మహారాష్ట్ర సరిహద్దు, నాందేడ్ జిల్లా. మాస్టారు చెప్పిన ఫసలీ మాకు పనికిరాదు. నిజాం ఫసలీ కూడా 590 తేడాయే, కానీ అక్టోబరులో మొదలు. మద్రాసు లెక్క వేస్తే మూడు నెలలు తప్పుతుంది. మా పాత కాగితాలు అక్షరాలు కలిపి రాసే ఉర్దూ శికస్తా రాత. 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్ రాష్ట్రం, తర్వాత బొంబాయి రాష్ట్రం. మాకున్న వరం ఫేర్‌ఫార్. సాత్-బారా (మా వైపు భూమి పత్రం)లో పేరు మారిన ప్రతిసారీ ఒక నంబరు పడుతుంది, ఆ నంబరు ఫేర్‌ఫార్ తీస్తే ఎవరు పోయారు, వారసులెవరు, ఆడపిల్లలతో సహా ఉంటుంది. సాత్-బారా మీద గుండ్రంగా గీసిన నంబర్లన్నీ రాసుకోండి, చిన్న నంబరు నుంచి పెద్దదానికి రండి.

గుణుపురం గోపి
@ధర్మాబాద్ మిర్చి ఆడపిల్లల పేర్లు రాశారంటే మీ తలాఠీకి (కరణానికి) దండం పెట్టాలి.

మహేంద్రతనయ
@ఖతియాన్ కిట్టు రిజిస్ట్రేషన్ పుస్తకం అన్నారు, అది వివరంగా చెప్పండి.

ఖతియాన్ కిట్టు
మీ 1931 దస్తావేజు చివరి పేజీ వెనక్కి తిప్పండి. సబ్ రిజిస్ట్రారు రాత ఉంటుంది: ఇన్నో పుస్తకం, ఇన్నో వాల్యూం, ఇన్ని నుంచి ఇన్ని పేజీలు, ఆ సంవత్సరం ఇన్నో నంబరు, ఏ ఆఫీసు ముద్ర. ఈ ఐదూ ఉంటే ఆ ఆఫీసులో వెతుకులాట లేదు, నేరుగా వాల్యూం అడగొచ్చు. గుర్తుంచుకోండి, ఇవాళ మీ ఊరు ఏ ఆఫీసు కిందుందో అనవసరం, ఆ ముద్ర ఎవరిదో వాళ్ళనే అడగాలి.

1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 1వ పుస్తకం స్థిరాస్తి దస్తావేజులు. 3వ పుస్తకం వీలునామాలు, దత్తత చేసుకునే అధికారపత్రాలు. 4వ పుస్తకం మిగతావి. 1వ పుస్తకం, దాని ఇండెక్సు ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. 3వ పుస్తకం కాపీ, రాసినవాళ్ళు బతికున్నంతకాలం వాళ్ళకీ వాళ్ళ ఏజెంటుకే. పోయాక ఎవరు అడిగినా ఇస్తారు. మరణ ధ్రువపత్రం వెంట తీసుకెళ్ళండి. 4వ పుస్తకం రాసినవాళ్ళకి, ఆ కాగితం కింద హక్కున్నవాళ్ళకి, వాళ్ళ ప్రతినిధులకి మాత్రమే. 3, 4 పుస్తకాల్లో వెతికేది కూడా మీరు కాదు, రిజిస్ట్రారే.

దత్తత గురించి ఒక మాట. దత్తత పోతే ఇంటిపేరు, గోత్రం మారిపోతాయి. మీ వంశంలో ఒక మగమనిషి హఠాత్తుగా మాయమైతే చనిపోయాడని రాసెయ్యకండి, ఇంకో ఇంటిపేరుతో ఎక్కడో ఉంటాడు.

జయపురం జోలె
దస్తావేజులో అసలు బంగారం చెక్కుబందీ. "తూర్పు: ఫలానావారి పొలం, దక్షిణం: గెడ్డ" అని ఉంటుంది కదా. పంపకాలయ్యాక పక్క చెక్క దాయాదిదే అయ్యుంటుంది. నాలుగు వైపుల పేర్లూ రాసుకుని అదే ఇండెక్సులో ఆ పేర్లు వెతకండి. ఒడియా దస్తావేజులో దీన్నే చౌహద్ది అంటారు. సాక్షులు కూడా దారిన పోయేవాళ్ళు కాదు, బావమరిదో వియ్యంకుడో అయ్యుంటారు. "వ్రాలు" అనుంటే సంతకం, "నిశాని" అనుంటే చదువు రానివాళ్ళ గుర్తు.

ఇచ్ఛాపురం అమ్మాయి
స్టాంపు కాగితం వెనక కూడా చూడండి. స్టాంపు వెండరు వరస నంబరు, తేదీ, కొన్నవాళ్ళ పేరు, తండ్రి పేరు, కాపురముండే ఊరు రాస్తాడు. దస్తావేజు లోపల లేని ఊరి పేరు అక్కడుంటుంది. తేదీ చెరిగిపోతే స్టాంపు మీద తల చూడండి. విక్టోరియా రాణి 1901 దాకా, ఏడో ఎడ్వర్డు 1910 దాకా, అయిదో జార్జి 1936 దాకా. పాత స్టాకు తర్వాత కూడా అమ్ముతారు, కాబట్టి తల చూసి "అంతకు ముందు కాదు" అని చెప్పొచ్చు గానీ "ఆ తర్వాత కాదు" అనలేం.

బరంపురం పట్టు
బ్రిటిషోళ్ళు పదేళ్ళకోసారి జనాభా లెక్క రాశారు కదా. అందులో ఇంటింటి పేర్లూ ఉండాలి. అది అడగొచ్చు కదా?

ఖతియాన్ కిట్టు
ఇంగ్లండులో అడగొచ్చు, మన దగ్గర కాదు. మన సెన్సస్ చీటీలు ఎవరికీ చూపించరు, 1948 చట్టం 15వ సెక్షను. మనకి మిగిలేది ఊరికి ఇంతమంది అన్న అంకెలే. బదులుగా ఓటర్ల జాబితాలు చూడండి. తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఇంటి నంబరు ఉంటాయి. ఒకే ఇంటి నంబరు కింద ఎవరెవరున్నారో చూస్తే ఉమ్మడి కుటుంబం బొమ్మ కడుతుంది. వయసు మాత్రం అటూ ఇటూ ఐదేళ్ళు వేసుకోండి.

గంజాం రంగూన్
పుట్టుక రిజిస్టర్లో పేరు కోసం వెతికి దొరకలేదని వదిలేసేవాళ్ళు ఎక్కువ. పాత మునిసిపాలిటీ రిజిస్టర్లలో పిల్లాడి పేరే ఉండదు. "మగ", తండ్రి పేరు, కులం, వీధి, అంతే. పురుడప్పటికి పేరు పెట్టరు కాబట్టి. తండ్రి పేరుతో, తల్లి పుట్టిల్లు ఉన్న ఊళ్ళో వెతకాలి. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా.

మా వైపు ఇంకో తలనొప్పి వలసలు. గోపాల్‌పూర్ రేవు నుంచి బర్మాకి పోయినవాళ్ళు, నేటాల్ (దక్షిణాఫ్రికా), మారిషస్, ఫిజీ పోయినవాళ్ళు వేరు వేరు. రెండోరకం వాళ్ళు గిర్మిట్ (ఒప్పందం) కూలీలు, ప్రతి మనిషికీ నంబరు, కాగితం ఉన్నాయి: పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి గుర్తు, ఓడ పేరు. నేటాల్‌కి మొదటి ఓడ ట్రూరో, మద్రాసు నుంచి వెళ్ళి 1860 నవంబరు 16న చేరింది. నేటాల్ ఓడల జాబితాలు నెట్‌లో ఉన్నాయి. మారిషస్‌వి మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, కొందరికి ఫొటో కూడా. వెతికేటప్పుడు ఊరి పేరు ఇంగ్లీషు దొర చెవికి ఎలా వినపడిందో అలా ఊహించుకోండి.

బర్మా సంగతి అలా కాదు. అక్కడికి గిర్మిట్ లేదు, మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్ళేవాడు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా ఇండియాలో భాగమే, పాస్‌పోర్టు అక్కర్లేదు. కాబట్టి మనిషి పేరున్న కాగితం సర్కారు దగ్గర ఉండే ఆశ తక్కువ. ఇంట్లో వెతకండి. మనియార్డరు రసీదులు, ఫొటో వెనక రంగూన్ స్టూడియో ముద్ర, ట్రంకుపెట్టె మూత లోపల అంటించిన చీటీ.

నౌపడ ప్యాసింజర్
నెట్‌లో "బరంపూర్" అని కొడితే బెంగాల్ బరంపూర్ వస్తుంది, "గంజాం" అంటే శ్రీరంగపట్నం పక్క గంజాం వస్తుంది, "జయపురం" అంటే రాజస్థాన్ వాళ్ళు తలపాగాతో వచ్చేస్తారు. పక్కన మద్రాసు అనో విశాఖపట్నం అనో తగిలించండి. పాత ఇంగ్లీషు స్పెల్లింగులు వేరు.

పంచాంగం మాస్టారు
కాగితాలకి ముందు ఇంట్లో ఉన్నది తీయండి. తర్పణం చేసేవాళ్ళున్న ఇంట్లో తండ్రి, తాత, ముత్తాత, వాళ్ళ భార్యల పేర్లు గోత్రంతో సహా పురోహితుడి పుస్తకంలో ఉంటాయి. తల్లి వైపు మూడు తరాలు కూడా. పెళ్ళిలో ప్రవర చెప్పేటప్పుడు "నప్త్రే, పౌత్రాయ, పుత్రాయ" అంటాడు కదా, వరుడి ముత్తాత, తాత, తండ్రి. వధువు వైపూ అంతే. ఆ చీటీ రాసిచ్చింది పెద్దవాళ్ళే, పురోహితుడు దాచుకుని ఉంటాడు. ఒక్క పెళ్ళికి రెండు కుటుంబాలు, మూడేసి తరాలు.

గయ, కాశీ, పూరీ వెళ్ళిన ఇళ్ళయితే పండాల (తీర్థ పురోహితుల) బహీలు, అంటే వంశాల పుస్తకాలు. అవి మనిషి పేరుతో కాదు, ఊరు, కులం పేరుతో కట్టి ఉంటాయి. ఇవాళ్టి జిల్లా పేరు చెబితే పండాకి అర్థం కాదు. గజపతి జిల్లా అంటే తెల్లమొహం వేస్తాడు, కిమిడి అంటే తీస్తాడు. హరిద్వార్ బహీల ఫొటోలు కొన్ని ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఉన్నాయి.

జయపురం జోలె
తర్పణం, ప్రవర అన్ని కులాలకీ ఉండవు కదా మాస్టారూ. క్రైస్తవ కుటుంబాలకి చర్చి రిజిస్టరే దిక్కు. కానీ ఏ సంఘమో చూసుకోవాలి. పర్లాకిమిడి వైపు కెనడా బాప్టిస్టు మిషను. వాళ్ళు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు, పెద్దయ్యాకే. ఆ తేదీని పుట్టినతేదీ అనుకుంటే పాతికేళ్ళు తప్పుతారు. కొరాపుట్ వైపు లూథరన్, కతోలిక సంఘాల్లో పసిబిడ్డ బాప్తిస్మం ఉంది, జ్ఞానపితరుల పేర్లూ రాస్తారు. పేరు మారిన చోట పాత పేరు పక్కన రాశారేమో చూడండి. కెనడా మిషను పాత కాగితాలు హామిల్టన్‌లోని కెనడియన్ బాప్టిస్టు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

కొన్ని కులాలకి వంశం చెప్పేవాళ్ళే ఉన్నారు. కాపు, వెలమ ఇళ్ళకి పిచ్చుకగుంట్ల వాళ్ళు వచ్చి గోత్రాలు, తరాలు చెప్పేవారు, ఇప్పుడు వంశరాజులంటారు. వాళ్ళు చెప్పింది రికార్డు చేసుకోండి, డబ్బులిచ్చి, అడిగి. పై తరాలు పురాణంలో కలిసిపోతాయి, కింది నాలుగైదు తరాలు కాగితంతో పోల్చుకోండి.

ఇచ్ఛాపురం అమ్మాయి
కోర్టు దావాలు ఎవరూ చెప్పలేదేం? పంపకాల దావా వేస్తే ప్లెయింటుకి (దావా అర్జీకి) వంశవృక్షం జత చేస్తారు, అవతలివాళ్ళు అందులో తప్పులు పట్టి జవాబిస్తారు. ఇంతకంటే బాగా తనిఖీ అయిన వంశవృక్షం ఇంకెక్కడా దొరకదు, దాయాదుల పగ పుణ్యమా అని. అప్పీలుకి వెళ్తే మాత్రం ఏ ఏడాదో చూసుకోండి. గంజాం అప్పీళ్ళు 1936 దాకా మద్రాసు హైకోర్టు, ఆ తర్వాత పాట్నా హైకోర్టు, 1948 జులై 26 నుంచి కటక్‌లో ఒరిస్సా హైకోర్టు. ఒకే కుటుంబం, మూడు కోర్టులు.

గుణుపురం గోపి
పాట్నా సంగతి చాలామందికి తెలియదు. ఆ పన్నెండేళ్ళు ఖాళీ అని వదిలేస్తారు.

బరంపురం పట్టు
దొరికిన పాత కాగితాలు లామినేషన్ చేయిస్తే పదికాలాలుంటాయి. వీధి చివర ముప్పై రూపాయలకి చేస్తున్నాడు.

ఇచ్ఛాపురం అమ్మాయి
వద్దు. వేడికి సిరా పోతుంది, మళ్ళీ విప్పలేరు, వెనక రాత మీద మెరుపు పడి ఫొటో కూడా సరిగ్గా రాదు. తిత్లీ తుఫానుకి (2018 అక్టోబరు 11) తడిసిన కాగితాలు ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు ఇక్కడ. తడిసినవి ఎండలో పెట్టకండి, నీడలో, తెల్లకాగితాల మధ్య పెట్టి గంటకోసారి ఆ కాగితాలు మార్చండి. అంటుకున్న పేజీలు లాగకండి. న్యూస్‌పేపరు వాడొద్దు, దాని సిరా అంటుతుంది.

స్కాన్: రాత కాగితాలు 300 డీపీఐ, ఫొటోలు 600. రంగులోనే. ఫోను యాప్‌లో నలుపు-తెలుపు ఫిల్టరు వేస్తే పెన్సిలు రాతలు, వెలిసిన ముద్రలు మాయమవుతాయి. వెనకవైపు ఖాళీగా ఉన్నా తీయండి. ఫైలు పేరులో సంవత్సరం ముందు: 1931_పర్లాకిమిడి_క్రయం_ముందు, 1931_పర్లాకిమిడి_క్రయం_వెనక. అసలు కాగితం ఎవరిది వాళ్ళే పట్టుకుని కూర్చోవాలి, అదే పూట తిరిగి తీసుకెళ్ళాలి. "ఉంచి వెళ్ళండి, తర్వాత ఇస్తాం" అన్నారో మీ ఆదివారాలు రెండో నెలకే ఆగిపోతాయి.

పంచాంగం మాస్టారు
తాటాకు జాతకాలు తెస్తే నీళ్ళు తగలనివ్వకండి. గీసిన అక్షరం కనపడకపోతే దీపం మసి నూనెలో కలిపి రాసి తుడిచేవాళ్ళు. ఇప్పుడు అది మీరు చెయ్యొద్దు. పక్కనుంచి ఏటవాలుగా టార్చి వేసి ఫొటో తీయండి, గీత నీడతో అక్షరం లేస్తుంది.

గుణుపురం గోపి
@మహేంద్రతనయ ఆదివారం పని అడిగారు కదా. గొలుసుకట్టు చదవడం నేర్పండి. కరణాల రాత అక్షరానికి అక్షరం కలిసిపోయి ఉంటుంది, తెలుగు ఎమ్మే చదివినవాళ్ళు కూడా తడబడతారు. ఒడియాలో కరణీ రాత కూడా ఇలాంటిదే. పద్ధతి: ఒక దస్తావేజు ఫొటో గోడ మీద వేసి, అందరికీ తెలిసిన మొదటి వాక్యంతో మొదలుపెట్టండి. "గంజాం జిల్లా పర్లాకిమిడి తాలూకా ఫలానా గ్రామ కాపురస్తుడు, వ్యవసాయం, ఫలానావారి కుమారుడు, సుమారు ఇన్ని సం॥ వయస్సు గల..." ఈ మూస దాదాపు ప్రతి దస్తావేజులోనూ ఉంటుంది. తెలిసిన మాటల్లో ఆ కరణం క ఎలా రాశాడో, ర ఎలా రాశాడో పట్టుకుంటే పేర్ల దగ్గర అవే అక్షరాలు గుర్తు పడతారు. ఒక కరణం రాత ఒంటబడితే ఆ ఊరి పాతికేళ్ళ కాగితాలు చదవొచ్చు. తెలుగు అంకెలు ౧ ౨ ౩ కూడా పిల్లలకి నేర్పాలి, ౩ని 3 అనుకోవడం తేలికే గానీ ౭ దగ్గర పడిపోతారు.

ధర్మాబాద్ మిర్చి
పెద్దవాళ్ళని అడిగేటప్పుడు "ఏ సంవత్సరం" అనొద్దు. "తుఫానుకి ముందా తర్వాతా, అప్పటికి ఎవరి పెళ్ళైంది, ఎవరు చంకలో ఉన్నారు" అని అడగాలి. మగవాళ్ళని పొలాల గురించి, ఆడవాళ్ళని పురుళ్ళ గురించి. పోయిన పిల్లల లెక్క ఆడవాళ్ళకే గుర్తుంటుంది.

జయపురం జోలె
కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు మేనరికం దగ్గర జాగ్రత్త. గ్రాంప్స్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, తెలుగు లిపి తీసుకుంటుంది, ఇంటిపేరు ముందు కనపడేలా పెట్టుకోవచ్చు. మేనమామని చేసుకున్న పిల్ల ఉంటే ఆ మామని రెండోసారి కొత్త మనిషిగా ఎక్కించకండి, ఉన్న మనిషికే భార్యని కలపండి. లేకపోతే ఒకడే ఇద్దరైపోతాడు. తరం నంబర్లు ఎలాగూ అటూ ఇటూ అవుతాయి, కంగారొద్దు. ఆడవాళ్ళకి పుట్టింటి ఇంటిపేరే అసలు పేరుగా వేసి, అత్తింటిది రెండో పేరుగా వేయండి. తాత పేరే మనవడికి పెడతాం కాబట్టి ప్రతి అప్పలస్వామి పక్కనా భార్య పేరు తప్పనిసరి.

మహేంద్రతనయ
స్టాంపు వెనక ఇప్పుడే చూశా. దస్తావేజు లోపల ఊరు పర్లాకిమిడి. వెండరు రాతలో "అప్పలస్వామి, తం॥ కూర్మయ్య", తర్వాత ఊరి పేరు పాతపట్నం పక్కది. ఇన్నాళ్ళూ ముందువైపే ఫొటోలు తీసిపెట్టుకున్నా.

ఖతియాన్ కిట్టు
అయితే పని అటు మొదలుపెట్టండి. ఆ ఊళ్ళో ఇనాం భూములున్నాయేమో ముందు కనుక్కోండి. ఉంటే శ్రీకాకుళం వైపు ఇనాం ఫెయిర్ రిజిస్టరు అడగండి. 1860ల ఇనాం కమిషన్ నాటిది, మొదట పొందినవాడి పేరు, అప్పటి అనుభవదారు, అతని వయసు ఉంటాయి. కూర్మయ్య వాళ్ళది కాకపోయినా పక్క చెక్కలో పేరు తగలొచ్చు. చెన్నైలో ఎగ్మూరు ఆర్కైవ్స్‌కి ఇప్పుడే పోకండి, అక్కడ రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్సు ఉంటాయి గానీ ఊరు, ఏడాది, గొడవ మూడూ తెలియకుండా వెళ్తే పగలంతా దుమ్మే.

మహేంద్రతనయ
సరే. మొదటి ఆదివారం గొలుసుకట్టు, ఈ దస్తావేజుతోనే. ఎవరి కాగితాలు వాళ్ళు తెచ్చుకోవాలి, వెనకవైపు కూడా చూపించాలి.

నౌపడ ప్యాసింజర్
టిఫిన్ సంగతి ఇంకా తేల్లేదు.